థర్మోస్టాట్ వాల్వ్ తీసేశాక మైలేజీ ఎందుకు తగ్గింది?

ప్రశ్న (గుంటూరు నుంచి):
నా దగ్గర 2016 నాటి పెట్రోలు కారు ఉంది. గత వేసవిలో ట్రాఫిక్‌లో ఇంజన్ బాగా వేడెక్కి హెచ్చరిక లైటు వెలగడంతో మెకానిక్‌కు చూపించాను. ఆయన థర్మోస్టాట్ వాల్వ్ తీసేసి, అది చలి దేశాలవాళ్లకే తప్ప మన ఎండలకు అక్కరలేదని చెప్పారు. అప్పటి నుంచి ఆ సమస్య రాలేదు గానీ, ఊళ్లో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు 13 దాటడం లేదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు సరిగానే ఉన్నాయి. ఆఫీసు ఇంటికి ఐదు కిలోమీటర్ల దూరమే. ఇంజన్ చల్లగా ఉండటం మంచిదే కదా, మరి పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతోంది?

జవాబు 1:
చల్లగా ఉండటం మంచిదన్న దగ్గరే చిక్కు ఉందండీ. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరచడానికి దానిలో తిరిగే ద్రవం) సుమారు 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు సరిగ్గా పనిచేసేలా ఇప్పటి ఇంజన్లను తయారు చేస్తారు. థర్మోస్టాట్ లోపల మైనం నింపిన చిన్న గుళిక ఒకటి ఉంటుంది. కూలెంట్ 82 నుంచి 88 డిగ్రీలకు చేరాకే ఆ మైనం కరిగి, వ్యాకోచించి, కూలెంట్‌ను గాలితో చల్లార్చే రేడియేటర్‌కు దారి తెరుస్తుంది. ఆ వాల్వ్ లేకపోతే బండి స్టార్ట్ చేసిన క్షణం నుంచే కూలెంట్ రేడియేటర్‌లో తిరుగుతుంది కాబట్టి, ఐదు కిలోమీటర్ల ప్రయాణంలో మీ ఇంజన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆఫీసు వచ్చేస్తుంది.

నష్టం రెండు వైపుల నుంచి వస్తుంది. చల్లని సిలిండర్ గోడలకు తగిలిన పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, ఆవిరి కానిది సరిగ్గా మండదు. అందుకని టెంపరేచర్ సెన్సార్ చల్లగా ఉందని చెప్పినంతసేపూ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మామూలు కంటే ఎక్కువ పెట్రోలు పంపుతూనే ఉంటుంది. అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పాడుచేస్తుంది కూడా. ఇక ఆ ఆయిల్ సంగతి చూస్తే, మామూలు 5డబ్ల్యూ30 రకం 100 డిగ్రీల వద్ద ఉన్నదానికంటే 40 డిగ్రీల వద్ద దాదాపు ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది, ఆ చిక్కదనాన్ని తోసుకుంటూ పిస్టన్లు, బేరింగులు తిరగడానికి అయ్యే ఖర్చు మీ పెట్రోలు ట్యాంకు నుంచే పోతుంది.

జవాబు 2:
మా ఊళ్లో పాత డీజిల్ జీపులన్నిటికీ ఈ వాల్వ్ ఎప్పుడో తీసేశారు, అవన్నీ బాగానే నడుస్తున్నాయి. మెకానిక్ చెప్పినదాంట్లో తప్పేముంది?

జవాబు 3:
ఆ జీపుల్లో ఈసీయూ, సెన్సార్లు ఉండవు కాబట్టి నష్టం బయటపడదు, అంతే. చిక్కటి ఆయిల్ వాటికీ భారమే. ఎండల మాటకొస్తే, రెంటచింతలలో 46 డిగ్రీలు కాసిన రోజున కూడా బయటి గాలికీ ఇంజన్ ఉండవలసిన వేడికీ మధ్య 40 డిగ్రీల తేడా ఉంటుంది. బండి హైవేపై వేగంగా పోతున్నప్పుడు అడ్డులేని రేడియేటర్ ఇంజన్‌ను అవసరానికి మించి చల్లార్చడానికి ఆ తేడా చాలు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ రేడియేటర్ దారి తెరుస్తూనే, కూలెంట్‌ను రేడియేటర్‌కు పంపకుండా తిరిగి ఇంజన్‌లోకే మళ్లించే బైపాస్ దారిని మూస్తుంది, దాన్ని తీసేస్తే కొంత కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతూ, ఎత్తుదారిలో బరువుతో వెళ్లేటప్పుడు బండి మరింత వేడెక్కవచ్చు. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కిందంటే నేను ముందు అనుమానించేది రేడియేటర్ ఫ్యాన్ మోటారును, దానికి కరెంటు అందించే స్విచ్ లాంటి రిలేను, ఆ తరువాత కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోయడం వల్ల లవణాలు పేరుకుని పూడిపోయిన రేడియేటర్‌ను.

జవాబు 4 (మినియాపోలిస్ నుంచి):
మా దగ్గర చలికాలంలో ఈ తేడా కళ్లకు కడుతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం, పెట్రోలు కారు నగరంలో 25 డిగ్రీల వద్ద ఇచ్చే మైలేజీ మైనస్ 7 డిగ్రీల వద్ద దాదాపు 15 శాతం పడిపోతుంది, ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాల్లో ఆ తగ్గుదల 24 శాతం దాకా పోవచ్చు. టైర్లలో గాలి తగ్గడం, చల్లగాలి ఎక్కువ సాంద్రంగా ఉండటం లాంటివీ ఇందులో కలిసే ఉన్నాయి, కాబట్టి మొత్తం నెపాన్ని ఇంజన్ మీద మోపలేము.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. కొత్త వాల్వ్ వేయిద్దామని వెళితే, దుకాణంలో 76 డిగ్రీలకే తెరుచుకునేది కూడా ఉంది, ఎండలకు అదే మేలు అంటున్నారు. అది తీసుకోవచ్చా?

జవాబు 3 ఇచ్చినవారు:
వద్దండీ. ఇంజన్ కనీసం ఎంత వేడిగా ఉండాలన్నదే థర్మోస్టాట్ నిర్ణయిస్తుంది, అంతకు మించి వేడెక్కకుండా చూసేవి రేడియేటర్, ఫ్యాన్. అవి సరిగా లేకపోతే 76 డిగ్రీల వాల్వ్ వేసినా కొద్ది నిమిషాలు ఆలస్యంగా అదే వేడి వస్తుంది, అవి బాగుంటే 88 డిగ్రీలది వేసినా ఇబ్బంది ఉండదు. కంపెనీ అసలు వాల్వ్ మీద ఏ అంకె ఉందో అదే తీసుకోండి. బిగించాక ఉదయం చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు చేయి తగలకుండా రేడియేటర్ పై గొట్టాన్ని తాకి చూడండి: కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, ఆపైన ఒక్కసారిగా వేడెక్కితే వాల్వ్ పనిచేస్తున్నట్టే. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తెరవకండి.