చిన్న వ్యాపారాలకు కూడా ఈ-వెరిఫై తప్పనిసరి చేయడం న్యాయమేనా?

అట్లాంటా_కిరాణా:
మాది అమెరికాలోని జార్జియాలో ఇండియన్ గ్రోసరీ. రెండో స్టోర్ తెరిస్తే మా స్టాఫ్ పది మంది దాటుతుంది. ఇక్కడి చట్టం ప్రకారం 2013 జూలై నుంచి పది మందికి మించి ఉద్యోగులున్న ప్రతి ప్రైవేటు వ్యాపారమూ ఈ-వెరిఫై, అంటే కొత్త ఉద్యోగికి పనిచేసే హక్కు ఉందో లేదో ప్రభుత్వ రికార్డులతో ఆన్‌లైన్‌లో సరిచూసే వ్యవస్థ, వాడాలి. బిజినెస్ లైసెన్స్ రెన్యువల్‌కు అఫిడవిట్ కూడా అడుగుతారు. పనిచేసే అర్హతకు కాగితాలు చూసి నింపే ఐ-9 ఫారం 1986 చట్టం నుంచీ అందరూ నింపుతున్నదే. చాలామంది ప్రైవేటు యజమానులకు ఫెడరల్ ప్రభుత్వమే ఐచ్ఛికంగా వదిలేసిన ఈ-వెరిఫైని రాష్ట్రం మా నెత్తిన రుద్దడం ఏం న్యాయం? మాకు హెచ్‌ఆర్ లేదు, బిల్లింగ్ చేసే మనిషే ఇదంతా చూడాలి.

ఫీనిక్స్_పేరోల్:
రాష్ట్రానికి ఆ అధికారం ఉందని ఎప్పుడో తేలిపోయిందండీ. అరిజోనా 2008లోనే అందరు యజమానులకూ పెట్టింది. 2011లో సుప్రీంకోర్టు 5-3తో దాన్ని సమర్థించింది. వాడుకోవడానికి ఫీజు కూడా లేదు. పక్క షాపువాడు వర్క్ పర్మిట్ లేనివాళ్లను సగం జీతానికి పెట్టుకుంటుంటే, నిజాయతీగా జీతాలిచ్చే మీకే కదా నష్టం?

షార్లెట్_సుధ:
అధికారం ఉండటం వేరు, భారం ఎవరి మీద పడుతుందన్నది వేరు. నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. మనవాళ్ల పేర్లు చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో ముందు పేరు ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ముందు పేరు తెలియదు అని) అయిపోతుంది, సోషల్ సెక్యూరిటీ రికార్డులో ఇంకోలా పడుతుంది. అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్న పిల్లకు కూడా ఈ-వెరిఫైలో మిస్‌మ్యాచ్, అంటే వివరాలు రికార్డులతో కలవలేదని వస్తుంది. అప్పుడు యజమాని ఆ మాట ఆమెకు విడిగా చెప్పాలి. ఆ మిస్‌మ్యాచ్ తప్పని ఆమె అంటే సంబంధిత ఆఫీసును కలవడానికి 8 ఫెడరల్ పనిదినాలు ఉంటాయి. అది తేలేదాకా ఆమెను తీసేయకూడదు, జీతం ఆపకూడదు. కానీ చిన్న కంపెనీల్లో మిస్‌మ్యాచ్ అనగానే టెన్షన్ పడి ‘రేపటి నుంచి రావద్దు’ అనేస్తారు. చట్టవిరుద్ధమని ఆ పిల్లకు తెలియదు, తెలిసినా వీసా భయంతో నోరెత్తదు. నాకు కోపం ఇక్కడే. మరోవైపు, వేరేవాళ్ల అసలు సోషల్ సెక్యూరిటీ నంబరుతో వచ్చినవాడు చాలాసార్లు దాటిపోతాడు, ఎందుకంటే డ్రైవింగ్ లైసెన్స్ ఫొటోను ఈ సిస్టమ్ పోల్చి చూడదు.

ఫీనిక్స్_పేరోల్:
సుధ గారూ, సైన్స్, టెక్నాలజీ చదివిన విదేశీ విద్యార్థులు చదువయ్యాక ఇక్కడ పనిచేసే స్టెమ్ ఓపీటీ పొడిగింపు 24 నెలలూ కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాల్సిందే. ‘తప్పనిసరి’ అన్న రాష్ట్రాల్లో మన పిల్లలకు అలాంటి కంపెనీలు ఎక్కువ దొరుకుతాయి కదా?

షార్లెట్_సుధ:
నిజమే, ఆ లాభం కాదనను. అందుకే ఎత్తేయమనడం లేదు. తప్పుగా వాడిన యజమానికీ శిక్ష ఉండాలంటున్నాను. ఫ్లోరిడా 2023 జూలై నుంచి 25 మంది, ఆపైన ఉన్నవాళ్లకు తప్పనిసరి చేసింది. వాడకపోతే, 24 నెలల్లో మూడుసార్లు దొరికితే రోజుకు 1,000 డాలర్లు. కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధంగా వాడితే ఒక్కో ఉల్లంఘనకు 10,000 డాలర్ల దాకా పడుతుంది. ఈ రెండో రకం నిబంధన ప్రతి రాష్ట్రానికీ కావాలి.

అట్లాంటా_కిరాణా:
సరే, పెట్టక తప్పదు. ఇంటర్వ్యూలోనే చెక్ చేసుకుంటే గొడవ ఉండదు కదా?

షార్లెట్_సుధ:
వద్దన్నయ్యా, అది నిషేధం. ఆఫర్ ఒప్పుకొని ఐ-9 నింపాకే కేసు తెరవాలి, పనిలో చేరిన మూడు పనిదినాల్లోపు. ఇప్పటికే ఉన్నవాళ్లను మళ్లీ చెక్ చేయకూడదు. గ్రీన్‌కార్డే చూపించమని అడగకండి, ఐ-9 జాబితాలో ఏ కాగితాలు ఇవ్వాలన్నది వాళ్ల ఇష్టం. మిస్‌మ్యాచ్ వస్తే నోటీసు ప్రింట్ తీసి ఆ మనిషి చేతికివ్వండి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లిరావడానికి ఒక పూట వదలండి.

అట్లాంటా_కిరాణా:
వదులుతానమ్మా. లైసెన్స్ కోసం మాత్రం ఇంత తతంగం అన్న మాట నేను వెనక్కి తీసుకోను.