పండుగలకే తెరిచే యువజన సంఘం గదిని పిల్లల ఎదుగుదలకు ఎలా ఉపయోగించుకోవాలి?

ప్రశ్న (కొత్తపట్నం మండలం, ప్రకాశం జిల్లా)

నేను ఒంగోలుకు తూర్పున, సముద్రతీరంలో ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. కాపురం కూడా ఆ ఊరిలోనే. ఇక్కడ యువజన సంఘానికి ఒక గది, ఒక బోర్డు, కొన్ని కుర్చీలు ఉన్నాయి. వినాయక చవితికి చందాలు పోగుచేయడానికి, సంక్రాంతికి క్రికెట్ పోటీలు నడపడానికి, నాయకులు వచ్చినప్పుడు ఫ్లెక్సీలు కట్టడానికి ఆ గది తెరుస్తారు. మిగిలిన కాలమంతా దానికి తాళమే.

నా బెంగ పదో తరగతి తప్పిన పిల్లల గురించి. బడిలో ఉన్నంతకాలం వాళ్ల హాజరు చూసేవాళ్లు, మార్కులు అడిగేవాళ్లు ఉంటారు. సప్లిమెంటరీ కూడా తప్పితే వాళ్ల పేర్లు ఇక ఏ రిజిస్టరులోనూ కనిపించవు. మగపిల్లలు తండ్రి వెంట వేటకు వెళతారు, లేదా రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాకు కుదురుతారు. ఆడపిల్లలు ఇంటికే పరిమితమవుతారు. ఏడాది తిరగకముందే సంబంధాల మాట మొదలవుతుంది. నిన్నటిదాకా నా తరగతిలో చేయెత్తి జవాబు చెప్పిన పిల్లవాడు ఈరోజు దారిలో ఎదురైతే తల దించుకుని పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. ఇది నాకు చాలా బాధ కలిగిస్తోంది.

యువజన కార్యక్రమాలు పిల్లల వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుతాయని పుస్తకాల్లో చదివాను. ట్యూషన్‌కు, ఆటల పోటీలకు, నీతి ఉపన్యాసాలకు భిన్నంగా ఆ పని అసలు ఎలా ఉంటుంది? ఎవరు చేయాలి? 'దీనివల్ల ఉద్యోగం వస్తుందా సారూ' అని తల్లిదండ్రులు అడిగితే నిజాయితీగా ఏం చెప్పాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు 1 (కావలి, విశ్రాంత అధ్యాపకుడు)

మాస్టారూ, మీ ప్రశ్న చాలా ఊళ్ల ప్రశ్న. నేను కళాశాలలో, విద్యార్థుల చేత సేవా కార్యక్రమాలు చేయించే జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) ప్రోగ్రామ్ ఆఫీసరుగా పనిచేశాను కనుక ఆ అనుభవం నుంచే రాస్తున్నాను.

మన దేశంలో ఈ పనికి ప్రభుత్వ వ్యవస్థలు కొత్తవి కావు. ఎన్.ఎస్.ఎస్. 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాలలో మొదలైంది. కళాశాలకు రాని గ్రామీణ యువత కోసం 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. 2023 అక్టోబర్ 31న మేరా యువ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ యువజన వేదిక ప్రారంభమైంది. 15 నుంచి 29 ఏళ్లవారు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఇవన్నీ మీకు ఆసరా కాగలవు. కానీ వీటిలో ఏదీ మీ ఊరి గది తలుపును ప్రతి సాయంత్రం తెరవదు. ఆ పని ఊరిలో ఉన్న మనిషే చేయాలి.

ఎన్.ఎస్.ఎస్. విద్యార్థి ఏడాదికి 120 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఉండాలి. ఆ శిబిరాల్లో ఇంకుడు గుంతలు తవ్వించాం, మొక్కలు నాటించాం. అయితే పిల్లలలో మార్పు తెచ్చినది గుంతల తవ్వకం కాదని నా గట్టి అభిప్రాయం. రాత్రి భోజనాల తరువాత బడి వరండాలో అందరూ కూర్చుని మర్నాటి పని పంచుకునే అరగంట సమావేశంలోనే అసలు సంగతి ఉండేది. కూరగాయలు, బియ్యం, గ్యాసు లెక్క ఒక విద్యార్థికి అప్పగించేవాళ్లం. తరగతిలో నోరు విప్పని ఒక కుర్రవాడు మూడో రోజుకల్లా సంతలో బేరమాడి, రాత్రి అందరి ముందు నిలబడి, 'ఈరోజు ఇంత మిగిలింది, రేపు వంకాయ చవక' అని లెక్క చదివాడు. ఎవరో ఒక అంకె తప్పన్నారు. అతను తడబడకుండా చీటీ తీసి చూపించాడు. నేను పక్కన కూర్చోవడం తప్ప ఏమీ చేయలేదు.

'నేనెవరు, నేను దేనికి పనికివస్తాను' అన్న ప్రశ్నే కౌమారంలో ప్రధానమైన సంఘర్షణ అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ వివరించాడు. పరీక్ష తప్పిన పిల్లవాడికి బడి ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఇచ్చి పంపేస్తుంది. మరో జవాబు దొరికే చోటు ఊరిలో ఉండాలి.

మన జిల్లాల చరిత్రలోనే దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యత ఉద్యమంలో, వలంటీర్లు రోజూ రాత్రి ఒకే చోట, ఒకే వేళకు పాఠం చెప్పేవారు. ఆ కూడికల్లో మహిళలు అక్షరాలతో పాటు తమ ఇళ్ల కష్టాలనూ మాట్లాడుకున్నారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం అలా పుట్టిందే. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వలంటీరు చెప్పింది ఓనమాలే. ఒక నమ్మకమైన చోటు, నమ్మకంగా వచ్చే మనిషి ఉన్నందువల్ల తక్కినది ఆ మహిళలు తామే చేసుకున్నారు.

జవాబు 2 (మార్కాపురం ప్రాంతం, కౌమార బాలికలతో పనిచేస్తున్నాను)

పై పెద్దలు రాసినది బాగుంది. అయితే మాస్టారు గారూ, మీ గది తాళం తీసినంత మాత్రాన ఆడపిల్లలు అందులోకి రారు. మన ఊళ్లలో యువజన సంఘం అంటే మగపిల్లల సంఘమే. సాయంత్రం ఏడు గంటలకు క్యారమ్స్ ఆడే గదికి ఏ తల్లీ కూతుర్ని పంపదు. పంపనందుకు ఆ తల్లిని తప్పుపట్టలేం.

మా పడమటి మండలాల్లో తల్లిదండ్రులు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోతే పిల్లలు అవ్వ తాతల దగ్గర ఉంటారు. ఆ ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే అవ్వకు ముందుగా తోచేది పెళ్లే. మేము మొదట పొదుపు సంఘాల సమావేశాలకు వెళ్లి తల్లులతో, అవ్వలతో కూర్చున్నాం. పిల్లలు ఎక్కడ కూర్చుంటారు, ఏం చేస్తారు, ఎన్ని గంటలకు ఇంటికి చేరతారు అన్నవి వాళ్లే నిర్ణయించారు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు, అంగన్‌వాడీ కేంద్రంలో, ఇద్దరు పెద్ద మహిళల సమక్షంలో అని తేలింది. అలా తేల్చుకున్నాకే పిల్లలు నిలకడగా రావడం మొదలైంది.

అక్కడ ఏం జరుగుతుందంటే, మొదటి నెలల్లో పెద్దగా ఏమీ జరగదు. కుట్టుపని, పాటలు, ఫోన్‌లో చూసిన సంగతుల మీద కబుర్లు. తరువాత ఒకరోజు ఒక పిల్ల నెలసరి గురించి అడుగుతుంది, మరొకతె బడికి వెళ్లకుండా పదో తరగతి రాసే ఓపెన్ టెన్త్ దరఖాస్తు ఎలా నింపాలని అడుగుతుంది, ఇంకొకతె అందరూ వెళ్లాక తలుపు దగ్గర ఆగి తనకు సంబంధం చూస్తున్నారని చెబుతుంది. ఆ మూడో మాట చెప్పడానికి ఆ పిల్లకు ఎన్నో నెలల నమ్మకం కావాలి. ఒక రోజు అవగాహన సదస్సు పెట్టి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయేవారికి ఆ మాట ఎన్నటికీ వినపడదు.

10 నుంచి 19 ఏళ్లవారి ఆరోగ్యం కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌమార క్లినిక్‌లు ఉన్నాయి. మీ ఊరి ఏఎన్ఎమ్‌ను, ఆశా కార్యకర్తను మొదటి నుంచే కలుపుకోండి.

ఒక విషయం కచ్చితంగా చెప్పాలి. పిల్లలతో పనిచేసే ఏ పెద్దవారూ తలుపు వేసిన గదిలో ఒక పిల్లతో గానీ పిల్లవాడితో గానీ ఒంటరిగా ఉండకూడదు. ఈ నియమం ఎంత మంచివారికైనా వర్తించాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. ఊరి పెద్దల మధ్య రాజీ చేసి ముగించే వీలు లేదు. పిల్లల సహాయ నంబరు 1098 గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

జవాబు 3 (నెల్లూరు, సమాజసేవా శాస్త్రం చదివి తీరగ్రామాల్లో పనిచేస్తున్నాను)

కావలి మాస్టారి మాటతో నాకు ఒకచోట చిన్న భేదం ఉంది. సేవా శిబిరం మంచిదే. కానీ అక్కడ లక్ష్యం ఊరికి సేవ. పిల్లల ఎదుగుదల దాని వెంట వచ్చే ఫలితం. యువజన పనిలో ఈ వరుస తిరగబడాలి. పిల్లలు తమ ఇష్టంతో రావాలి, ఇష్టం లేకపోతే మానేసే స్వేచ్ఛ ఉండాలి, పని వాళ్ల ఆసక్తి నుంచి మొదలు కావాలి. 1960లో ఇంగ్లండ్, వేల్సుల యువజన సేవల మీద ఆల్బెమార్ల్ కమిటీ ఇచ్చిన నివేదిక మూడు అవసరాలను చెప్పింది: తోటివారితో కలిసి మెలగడం, శిక్షణ, తమ సత్తాను పరీక్షించుకునే సవాలు. మనం సాధారణంగా రెండోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. కంప్యూటర్ శిక్షణ, కుట్టు శిక్షణ పెడతాం. మొదటిది లేనిచోట శిక్షణకు వచ్చినవాళ్లు సర్టిఫికెట్ అందగానే వెళ్లిపోతారు.

రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ ప్రచురించిన రచనలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. అందులో అడుగున ఉన్న మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కావంటాడు. పెద్దలు తమ పనికి పిల్లలను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం అభిప్రాయం అడగడం. నాయకుడి రాకకు ఫ్లెక్సీ కట్టించి, ర్యాలీలో బైకులు నడిపించే మన ఊళ్ల పద్ధతి ఆ మూడు మెట్ల మీదే ఉంది. దీన్ని నేను తేలికగా తీసుకోలేను. పద్దెనిమిదేళ్లవాడికి తన ఊరిలో దొరికిన మొదటి పౌరపాత్ర కిరాయి జెండా మోయడమే అయితే, ఇరవై అయిదేళ్లకు అతను గ్రామసభకు వచ్చి మాట్లాడతాడని ఎలా ఆశిస్తాం?

మీ తీరంలో ఒక సౌలభ్యం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. వేటకు వెళ్లే యువకులు ఆ రెండు నెలలు ఊరిలోనే ఉంటారు; బడికి వేసవి సెలవులు కూడా చాలావరకు అప్పుడే. ఆ కాలంలో మొదలుపెట్టండి. వాళ్లకు తెలిసిన విద్యతోనే మొదలుపెట్టండి. వల అల్లడం, ఇంజిన్ మరమ్మతు, గాలి వాటం చూసి వాతావరణం చెప్పడం పరీక్ష తప్పిన పిల్లలకు బాగా వచ్చు. బడి పిల్లలకు వాటిని నేర్పే బాధ్యత వాళ్లకే ఇవ్వండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏ వృద్ధుల ఇంటికి ఎవరు వెళ్లాలో ఒక పట్టిక వాళ్లనే తయారు చేయమనండి. మిమ్మల్ని చూసి తల దించుకుని తిరిగిపోయే ఆ పిల్లవాడిని పలకరించడానికి ఒక సాయం అడగడం కంటే మంచి మార్గం నాకు తెలియదు.

తల్లిదండ్రుల ప్రశ్నకు నిజాయితీ గల జవాబు 'దీనివల్ల నేరుగా ఉద్యోగం రాదు' అన్నదే. కొత్తవారితో మాట్లాడటం, వేళకు రావడం, లెక్క అప్పజెప్పడం, మాట పడ్డా నిలబడటం వాళ్లకు అలవడతాయని చెప్పండి. ఐటీఐలో చేరినా, బోటు కొన్నా అవి కావాలి. అంతకు మించి వాగ్దానం చేయవద్దు. ఇచ్చిన మాట నిలబడకపోతే ఆ గదికి మళ్లీ ఎవరూ రారు.

పరీక్ష ఫలితాల రోజుల్లో మాత్రం గది పొద్దుటి నుంచే తెరిచి ఉంచండి. పిల్లలు ఒంటరిగా ఉండకూడని రోజులవి. మానసిక సహాయానికి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. బాలికల విషయంలో మార్కాపురం నుంచి రాసిన సోదరి చెప్పినట్లు ముందుగా పొదుపు సంఘాలతో మాట్లాడతాను. ఒక్క చిక్కు మిగిలింది. గదికి రంగులు వేయిస్తామని, క్రికెట్ కిట్లు ఇస్తామని ఒక పార్టీవారు ముందుకొచ్చారు. గోడ మీద తమ పేరు ఉండాలంటున్నారు. పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు. నేను వద్దంటే ఆదిలోనే వాళ్ల మనసు విరిగిపోతుందేమో.

జవాబు 3

ఆ నిర్ణయం మీరు తీసుకోకండి, పిల్లలనే తీసుకోనివ్వండి. అందరినీ కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఆ పేరు గోడ మీద ఉంటే ఎవరి ఇళ్ల పిల్లలు రావడం మానేస్తారు? వచ్చే ఎన్నికల్లో ఆ పార్టీవారు ర్యాలీకి రమ్మంటే కాదనగలమా? రంగుల ఖర్చు మనం పోగుచేయాలంటే ఎంత, ఎలా? మూడో ప్రశ్నకు లెక్క వేసే పని పదో తరగతి తప్పినవారిలో ఒకరికి ఇవ్వండి. ఇంత చర్చించాక కూడా వాళ్లు తీసుకుందామంటే, మీ అభ్యంతరం అందరి ముందు స్పష్టంగా చెప్పి, వాళ్ల నిర్ణయాన్ని గౌరవించండి. దాని ఫలితం మీద ఆరు నెలల తరువాత మళ్లీ చర్చ పెట్టండి.

జవాబు 1

నేనూ అదే అంటాను. డబ్బు విషయంలో ఒక్కటి కలుపుతాను. నగదు పుస్తకం ఒకరి దగ్గర, గది తాళంచెవి మరొకరి దగ్గర ఉండాలి. ఇద్దరూ మూడు నెలలకు ఒకసారి మారాలి. చవితి చందాల లెక్క కూడా అదే పుస్తకంలో రాసి, నిమజ్జనం అయిన వారంలోగా రామాలయం దగ్గర అందరి ముందు చదివించండి. సంఘం రిజిస్ట్రేషన్‌కు తొందర పడవద్దు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు, అది ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఒక ఏడాది గది రోజూ తెరుచుకుని, పుస్తకంలో లెక్క సరిగా ఉంటే, అప్పుడు రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి. కాగితాల పనిలో సాయం కావాలంటే ఇక్కడే రాయండి, నమూనా నియమావళి పంపుతాను.