వేట నిషేధం 61 రోజులూ ఒడ్డున గాలం వేయొచ్చా? పట్టి వదిలేస్తే సరిపోతుందా?

పెన్నామొగ:
ఏప్రిల్ 15 దగ్గరపడింది. ఏటా ఈ తగువు నిషేధం మొదలయ్యాక రేగుతుంది, జూన్ రాగానే ఎవరి దారిన వాళ్లు పోతారు. ఈసారి ముందే మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ల కోసం: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. 2015కి ముందు మే నెలాఖరుతో అయిపోయేది. మన రాష్ట్రంలో ఇది మరబోట్లకీ, ఇంజను బిగించిన పడవలకీ వర్తిస్తుంది. ఇంజను లేని తెప్పకి మినహాయింపు ఉంది. ఒడ్డున రాడ్డు పట్టుకుని నిలబడేవాడు ఈ రెంటిలో దేని కిందకీ రాడు.

చట్టం అడ్డం రాలేదు కాబట్టి వేయొచ్చా? నా మాట: వద్దు. కనీసం నదులు కలిసే చోట్ల వద్దు. ఊటుకూరు దగ్గర పెన్న కలిసే చోటు వేసవిలో చూడండి. పైనుంచి నీళ్లు తగ్గిపోతాయి, ఇసుక మేటలేస్తుంది, లోతున్న చోటు ఏ కొద్దిపాటో మిగులుతుంది. పండుగప్ప, మాగ, కట్టిపరిగ అన్నీ ఆ కొద్దిచోట్లోనే తిరుగుతుంటాయి. సముద్రంలో చేపని వెతుక్కోవాలి. ఇక్కడ వెతకాల్సిన పని లేదు, పదిమంది వరసగా నిలబడి వేస్తే చాలు. గుండ్లకమ్మ, మన్నేరు కలిసే చోట్లా ఇదే సంగతి.

మైపాడు గాలం:
అన్నా, నేను ఒప్పుకోను. నిషేధం పెట్టింది అడుగు ఈడ్చే వలల కోసం. ఆ వల రొయ్య కోసం వేస్తే పిల్లచేప, గుడ్డుచేప, పీత, తాబేలు అన్నీ కలిసి వస్తాయి. ఒక రాడ్డుకి ఒక గాలం. రోజంతా నిలబడినా ఒకటో రెండో చేపలు, కొన్నిరోజులు అవీ ఉండవు. పైగా ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో ఎంచుకునే వీలు గాలానికే ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదని ఉన్నా పక్క రాష్ట్రం బోట్లు మన నెల్లూరు నీళ్లలో ఈడ్చుకుపోతుంటే, ఒడ్డున గాలం వేసేవాడి దగ్గర మొదలుపెట్టడం న్యాయమా?

మనలో చాలామంది పట్టి వదిలేసేవాళ్లే. వదిలేసిన చేప మళ్లీ గుడ్లు పెడుతుంది. ఇక నష్టం ఎక్కడ?

తట్టబుట్ట:
పట్టి వదిలేసేవాళ్ల మాట సరే. అమ్ముకునేవాళ్ల సంగతేంది? బోట్లు కట్టేసి ఉండే ఆ రెండు నెలలే చేపకి రేటు పలికేది. అప్పుడు కార్లో వచ్చి రాడ్డుతో పట్టిన పండుగప్పని హోటళ్లకి ఇచ్చి పోతుండారు. ఒడ్డునుండే ఇళ్లకి ఆ రోజుల్లో మిగిలేది తెప్ప మీద పట్టిన నాలుగు చేపలూ, ఆడోళ్లు తట్టలో పెట్టుకుని ఊళ్లో తిరిగి అమ్మేదీ. దానికి కూడా పోటీకి వస్తే ఎట్లా? అమ్మితే అది సరదా వేట కాదు, వ్యాపారం. చేసేవాళ్లు లైసెన్సు తీసుకుని, మాతో పాటు ఆ 61 రోజులూ ఇంట్లో కూర్చోండి.

ఇంకొకటి. అలివి వల లాగేటప్పుడు రెండు తాళ్లూ ఒడ్డున చాలా దూరంగా ఉంటాయి, వల సంచి మధ్యలో నీళ్లలో ఉంటుంది. ఖాళీగా ఉందనుకుని ఆ మధ్యలోనే గాలం విసురుతారు. గాలం వలకి తగులుకుంటే లాగేవాళ్ల చేతుల్లోకి వస్తుంది. తాళ్లు కనిపిస్తే వాటికి అవతలకి పోండి, వల ఒడ్డుకి చేరేదాకా విసరొద్దు. ఏ ఊరి తీరమైనా ఆ ఊరి పెద్దకాపుల్ని, అంటే మత్స్యకారుల కులపెద్దల్ని, ఒక మాట అడిగి నిలబడితే గొడవే ఉండదు.

మైపాడు గాలం:
అమ్మకం గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. అమ్మేవాళ్లని వెనకేసుకు రాను.

ఉప్పుకయ్య:
వదిలేస్తే చాలన్న మాటకి నా జవాబు. ఏ చేపని వదులుతున్నాం, ఏ చేపని ఇంటికి తెస్తున్నాం అన్నది ముందు చూడాలి. పండుగప్పే తీసుకోండి. ఇది మొదట మగచేపగా ఈడుకొస్తుంది, కొన్నేళ్లు అలా ఉండి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే మనం ఫోటో దిగి గొప్పగా ఇంటికి తీసుకుపోయే పెద్ద చేపలు దాదాపు అన్నీ ఆడవే. ఒక్క పెద్ద ఆడచేప పెట్టే గుడ్లు లక్షల్లో ఉంటాయి. చిన్నది వదిలి పెద్దది ఉంచుకోవాలన్న మన పాత లెక్క ఈ చేప దగ్గర సగమే నిజం.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఇదే చేపకి రెండు హద్దులు పెట్టింది. 58 సెంటీమీటర్ల కన్నా చిన్నదీ ఉంచుకోకూడదు, 120 దాటిందీ ఉంచుకోకూడదు. మధ్యవే ఇంటికి. మన దేశంలో కేరళ చిన్నచేపకి హద్దు పెట్టింది: కవళ్లలో నూనె కవళ్లకి 10 సెంటీమీటర్లు, కానాగంతకి 14. అవి వలల్లో పడే చేపల గురించి. పై హద్దు గురించి గాలం వేసేవాళ్లం మనకి మనమే అనుకోవాలి. పై హద్దు నేనైతే 120 దాకా పోనివ్వను, 85 దగ్గరే పెడతా. అక్కడి లెక్కల ప్రకారం ఈ చేప ఆడదిగా మారడం సుమారు 85 నుంచి 100 మధ్య. 58 సెంటీమీటర్ల చేప రెండు కిలోల పైచిలుకు తూగుతుంది. ఒక ఇంటికి అది చాలు.

కొలిచేది మూతి కొస నుంచి తోక చివరిదాకా, నోరు మూసి, చేపని తడి పట్టా మీద బల్లపరుపుగా పెట్టి. చేత్తో ఎత్తి పట్టుకుని కొలిస్తే తప్పు వస్తుంది.

పాకల అల:
నేను లూరుతో, అంటే చేపలా కనపడే బొమ్మ ఎరతో, వేస్తా. లూరుకి రెండు మూడుకొక్కేల గాలాలు వస్తాయి. చేప పడ్డాక ఒకటి నోట్లో, ఇంకొకటి మొప్పలోనో కంట్లోనో గుచ్చుకుంటుంది. వదిలేద్దామని మనసులో ఉన్నా, ఆ గాలాలు తీసేసరికి చేప వాలిపోతుంది. ఎట్లా తీయాలో చెప్పండి.

ఉప్పుకయ్య:
తీయడం దాకా రానివ్వకూడదు. మూడుకొక్కేలు ఇంట్లోనే తీసేయండి. 12 సెంటీమీటర్ల లూరుకి వాటి స్థానంలో 2/0 ఒంటి గాలాలు రెండు వేయండి. ముందుది కొన ముందుకీ, వెనకది కొన పైకీ చూడాలి. లూరు ఒక పక్కకి ఒరిగి ఈదుతుంటే గాలం బరువెక్కువైందని అర్థం, ఒక సైజు తగ్గించండి. తర్వాత ప్లయరుతో గాలం ముల్లు, అంటే కొన వెనక చీలి ఉండే భాగం, నొక్కి చదును చేయండి. నూలు గుడ్డకి గుచ్చి లాగితే పట్టుకోకుండా రావాలి, పట్టుకుంటే ఇంకా నొక్కాలి. ముల్లు లేకపోతే చేప జారిపోతుందని భయం. దారం బిగువు వదలనంత సేపు జారదు. చేప ఎగిరినప్పుడు రాడ్డు కొన దించేసి దారం వదులు చేస్తే ముల్లున్న గాలమూ ఊడుతుంది.

బతికున్న ఎర వేసేవాళ్లకి గుండ్రటి గాలం, 5/0 నుంచి 7/0. కొన లోపలికి తిరిగి ఉంటుంది, గొంతులో దిగదు, బయటికి వస్తూ దవడ మూల పట్టుకుంటుంది. కొన పక్కకి వంగిన రకం కొనొద్దు, ఆ వంపుతో గొంతులో దిగే ప్రమాదం మళ్లీ వస్తుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు లాగు కొట్టడం. చేప ఎర నోట పెట్టగానే అలవాటుగా రాడ్డు పైకి గుంజితే గాలం నోట్లోంచి వచ్చేస్తుంది. దారం బిగిసేదాకా ఆగి రీలు తిప్పుకుంటూ పోవడమే. స్టెయిన్‌లెస్ గాలాలు వద్దు. లోపల తెగి మిగిలిపోతే మామూలు ఇనుప గాలం ఉప్పునీళ్లలో తుప్పుపట్టి రాలుతుంది, అది రాలదు.

పెన్నామొగ:
దారం సంగతి కూడా చెప్పండి. 10 పౌన్ల దారంతో పెద్దచేపని అరగంట ఆడించడం నేర్పు అనుకుంటున్నారు.

ఉప్పుకయ్య:
అరగంట ఆడిన చేప ఒంట్లో శక్తి అయిపోయి, కండల్లో ఆమ్లం పేరుకుంటుంది. వదిలినప్పుడు ఈదుకుంటూ పోయినట్టే కనపడుతుంది, తర్వాత ఎక్కడో అడుగున చచ్చిపోతుంది. నది ముఖద్వారంలో 30 పౌన్ల బ్రెయిడు, అంటే అల్లిన దారం, దాని చివర గాలం కట్టే ముక్కకి 50 పౌన్ల లీడరు వాడండి. చేప త్వరగా ఒడ్డుకి రావాలి.

ఒడ్డుకి వచ్చాక: పొడి ఇసుకలోకి ఈడ్చొద్దు. ఒంటి మీది జిగురు పొరే దానికి రోగాల నుంచి కాపు, పొడి ఇసుక దాన్ని ఒలిచేస్తుంది. మోకాటి లోతు నీళ్లలోనే ఉంచి, చేతులు తడిపి పట్టుకోండి. వల బుట్ట వాడితే ముడులు లేని రబ్బరుది వాడండి, నైలాను ముడులు రెక్కల్ని చీలుస్తాయి. పండుగప్ప మొప్ప మూత అంచు కత్తిలా కోస్తుంది, అక్కడ వేళ్లు పెట్టొద్దు. అది మీకూ చేటు, చేపకీ చేటు. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీసి ఫోటో తీయొద్దు. నీళ్లలో తేలుతూ బతికే చేపకి తన బరువు దవడ మీద మోయడం చేతకాదు. ఒక చెయ్యి దవడ కింద, రెండోది పొట్ట కింద, అడ్డంగా పట్టుకోండి. ఊపిరి బిగబట్టి ఫోటో తీయండి, మీకు ఊపిరి ఆడకపోతే దానికీ ఆడదు. 30 సెకన్లలోపు మళ్లీ నీళ్లలో ఉండాలి.

గాలం గొంతులోకి పోయి కనపడకపోతే పీకొద్దు. దారం గాలానికి దగ్గరగా కోసేసి వదలండి. పీకడంలో మొప్ప తెగితే చేప దక్కదు. మొప్పల్లోంచి రక్తం ధారగా కారుతుంటే అది బతకదు. కొలతకి సరిపోతే ఇంటికి తీసుకుపోండి, వృథా చేయకండి.

వదిలేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకోండి. ముందుకీ వెనక్కీ ఊపొద్దు, వెనక్కి లాగితే మొప్పల్లో నీరు సరిగా ఆడదు. దానంతట అది తోక కొట్టి చేతిలోంచి పోవాలి.

గాలి దిక్కు:
ఇన్ని జాగ్రత్తలూ జనవరిలో పనికొస్తాయి, మేలో సగమే. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకి మాత్రం దాని అవసరం పెరుగుతుంది. ఇసుక మేటల మధ్య మోకాటి లోతు నీళ్లు మధ్యాహ్నానికి ఎలా కాగుతాయో తెలిసిందే. వేసవిలో వేయాలనుకుంటే తెల్లారుజామున మొదలుపెట్టి తొమ్మిదికి రాడ్డు సర్దేయాలి. అదీ పోటు వచ్చేటప్పుడు, సముద్రపు నీరు లోపలికి వచ్చే వేళ.

ఎర కోసం విసురు వల వేయడం గురించి ఎవరూ మాట్లాడలేదు. చిన్నకన్ను వలతో ముఖద్వారంలో నాలుగు విసుర్లు వేస్తే కట్టిపరిగ పిల్లలు, రొయ్యపిల్లలు గుప్పెళ్లకొద్దీ వస్తాయి. కావాల్సింది పది, మిగతావి ఇసుకలో ఎండిపోతాయి. వలని నీళ్లలోనే తెరిచి పది ఏరుకుని మిగతావి అక్కడే వదలాలి. పెద్ద బకెట్లో గాలి మోటారు పెట్టి పది పన్నెండు మించకుండా ఉంచితే పొద్దుటిపూటంతా బతుకుతాయి. ముప్పై కుక్కితే గంటలో అన్నీ పోతాయి, మళ్లీ వల విసరాలి.

అదే వలలో జెల్ల పడుతుంది. ముల్లుకి భయపడి దాన్ని ఇసుక మీద తన్నేసి పోతారు. సముద్రపు జెల్లల్లో మగది గోలీలంత గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలయ్యేదాకా సరిగా మేత తినదు. కాబట్టి గాలానికి తక్కువ పడుతుంది, వలకి చిక్కుతుంది. ఒడ్డున పడేస్తే గుడ్లు కక్కేస్తుంది, ఆ సంతానం అంతటితో సరి. పొడవాటి ప్లయరుతో పట్టుకుని నీళ్లలోకి జార్చండి. ముల్లు గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి దిగుతుంది. ముక్క లోపల విరిగినా, వాపు పెరిగినా ఆసుపత్రికి పోవాల్సిందే.

పాకల అల:
రాత్రిపూట వేసేవాళ్లకి ఏమైనా చెప్తారా? ఎండ బాధ ఉండదు కదా.

గాలి దిక్కు:
ఎండ బాధ ఉండదు, తాబేలు బాధ ఉంటుంది. ఆలివ్ రిడ్లేలు మన తీరంలో చలికాలం చివర గుడ్లు పెడతాయి. నెలన్నర, ఆ పైన కొన్ని రోజులకి పిల్లలు బయటికి వస్తాయి. అంటే ఏప్రిల్, మే నెలల్లో కూడా ఇసుకలోంచి పిల్లలు లేస్తుంటాయి. అవి వెలుతురున్న వైపు పాకుతాయి. మామూలుగా అది సముద్రం మీది ఆకాశం. మన తలకి కట్టుకున్న తెల్ల లైటు ఉంటే అటు వస్తాయి, పొద్దున కాకులకి దొరుకుతాయి. ఎర్ర లైటు వాడండి, ఎర మార్చేటప్పుడే వెలిగించండి. బండిని ఇసుక మీదికి దింపొద్దు. చక్రాల గాడిలో పడిన పిల్ల ఎక్కలేదు.

తాబేలుకే గాలం పడితే దారంతో ఎత్తొద్దు. వలతోనో చేతులతోనో డిప్ప పట్టి తేవాలి. గాలం పైకి కనపడితే కోసి తీయాలి, లోపలుంటే దారం దగ్గరగా కోసి అటవీ శాఖకి చెప్పాలి. ఇది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. రంపపు సొర కూడా అంతే. ఈ షెడ్యూలులోని జంతువుని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

మైపాడు గాలం:
పడవ మీద వెళ్లేవాళ్లకి ఒకటి చెప్పాలి. నిషేధంలో ఇంజను పడవ అద్దెకి తీసుకుని సరదాగా పోయినా అది ఉల్లంఘనే, ఇందులో చర్చే లేదు. మిగతా నెలల్లో లోతైన నీళ్లలో రాళ్ల దగ్గర ఉండే చేపల్ని పైకి లాగితే వాటికి గాలితిత్తి ఉబ్బి కడుపు నోట్లోంచి బయటికి వస్తుంది. దాన్ని సూదితో పొడవొద్దు, అది గాలితిత్తి కాదు, పొట్ట. ముల్లు తీసేసిన గాలాన్ని తలకిందులుగా సీసం గుండుకి కట్టి, కింది దవడకి తగిలించి అడుగుకి దించి ఒక్క కుదుపు ఇస్తే చేప ఊడి పోతుంది. లోతుకి పోయేకొద్దీ గాలి మళ్లీ కుంచించుకుంటుంది.

ఇక అసలు తగువుకి వస్తా. మధ్యాహ్నపు నీళ్ల గురించి చెప్పింది చదివాక నా మాట మార్చుకుంటున్నా. వదిలేస్తున్నాం కాబట్టి నష్టమే లేదని ఇక అనను. ముఖద్వారాల్లో ఆ 61 రోజులూ గాలం వేయను. ఖాళీ సముద్రపు ఒడ్డున, అంటే నది కలిసే చోటికి కిలోమీటరు అవతల, పొద్దున తొమ్మిదిలోపు వేయడం తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు.

పెన్నామొగ:
కిలోమీటరు హద్దు నాకు సమ్మతమే. కానీ మొత్తంగా ఆపాలన్న మాట నేను వదులుకోవడం లేదు. బోటు కట్టేసిన మనిషి ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటుంటే, అతని ఎదురుగా సరదా కోసం చేపలు పట్టడం నాకు సరిగా అనిపించదు. ఇది చేపల లెక్క కాదు, మర్యాద.

తట్టబుట్ట:
మీరు అమ్మకుండా ఉంటే మాకు అంత బాధ లేదన్నా. తెగిన నైలాను దారం మాత్రం ఇసుకలో వదిలి పోవద్దు. కాళ్లకీ, కొంగలకీ, మా వలలకీ అన్నిటికీ చుట్టుకుంటుండాది. మూత ఉన్న నీళ్ల సీసాలో కుక్కి పెట్టుకుని ఇంటికి తీసుకుపోండి.

పాకల అల:
ఒక్కటి అడుగుతా. చీకట్లో, నీళ్లలో, ఒంటరిగా ఉన్నప్పుడు టేపు పట్టి 58, 85 కొలవడం ఎట్లా? ఆలోపు 30 సెకన్లు అయిపోతాయి.

ఉప్పుకయ్య:
రాడ్డు పిడి అడుగు నుంచి కొలిచి 58 దగ్గర ఒక గీత, 85 దగ్గర ఇంకో గీత నెయిల్ పాలిష్‌తో వేయండి. ఒకదానికి తెలుపు, ఒకదానికి ఎరుపు. ఆరాక పైన ఇంకో పూత వేయండి, ఉప్పునీళ్లకి త్వరగా పోకుండా. చేపని నీళ్లలోనే రాడ్డు పక్కన ఆనించి, తోక పిడి అడుగుకి సమానంగా పెట్టండి. మూతి రెండు గీతల మధ్యలో ఉందా లేదా అన్నది రెండు సెకన్ల పని. రాడ్డు రెండు ముక్కలదైతే రెండు గీతలూ పిడి ఉన్న ముక్క మీదే రావాలి, అతుకు మీద పడితే లెక్క తప్పుతుంది.