పద్మిని కారు తెచ్చుకోవడానికి ఎలాంటి ట్రైలర్ తీసుకోవాలి?

నాన్న వాడిన ప్రీమియర్ పద్మిని ఎనిమిదేళ్లుగా ఒంగోలులో మామయ్య గొడ్లచావిట్లో ఉంది. నెల్లూరు తెచ్చుకోవాలి, సుమారు 120 కిలోమీటర్లు. పోయినసారి తాడు కట్టి లాగితే టంగుటూరు రాకముందే బంపర్ ఊడొచ్చింది. అత్తయ్య ఇప్పటికీ నవ్వుతోంది! మా బొలెరోకి ఒక ఇరుసు ట్రైలర్ చాలా?

కావలి మెకానిక్: అబ్బాయా, ఖాళీ పద్మినే 900 కిలోల దాకా ఉంటుంది. పైన ట్రైలర్ బరువు. రెండు ఇరుసులది, సొంత బ్రేకులున్నది చూడు. ఒక టైరు పేలినా ట్రైలర్ ఒరగకుండా నిలబడుతుంది. ముందు చక్రాలు మాత్రమే ఎత్తే డాలీ వద్దు. పద్మినికి ఇంజిన్ ముందున్నా అది తిప్పేది వెనక చక్రాల్నే. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి పోయే షాఫ్ట్ విప్పకుండా లాగితే గేర్‌బాక్స్ పోతుంది.

ఇంకొకరు: ఇంజిన్ వైపు ముందుకు పెట్టి ఎక్కించండి. మొత్తం బరువులో పదో వంతు బొలెరో వెనక ట్రైలర్ తగిలించే హుక్ మీద పడాలి. వెనక బరువెక్కువైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది, చచ్చే టెన్షన్.

మరొకరు: ఒక్క ట్రిప్పుకి కొనడమెందుకన్నా? కారుని పైకెక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ మాట్లాడుకో.

అడిగినవారు: బ్రేకులు పట్టేసి చక్రాలే తిరగట్లేదు. ఎక్కించేదెట్లా?

కావలి మెకానిక్: చక్రాల దగ్గరి బ్రేకు డ్రమ్ములు విప్పి వదులు చెయ్యి. తర్వాత వించ్‌తో, అంటే తాడు చుట్టుకుంటూ లాగే మరతో, పైకి లాగు.