దీవి గ్రామంలో నివాసం, పొలం, రాకపోకలు: ఎదురుమొండి, ఇరకం, గోదావరి లంకల అనుభవాలు

పడమటిగాలి:
అందరికీ నమస్కారం. నేను వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తున్నాను. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవిలో కొంత పొలం తీసుకుని, ఏడాదిలో సగకాలమైనా అక్కడే ఉండాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాము. ఒడ్డునున్న ఊళ్లతో పోలిస్తే దీవిలో ఎకరం చాలా తక్కువకే చెబుతున్నారు. ఏటిమొగ దగ్గర వంతెన వస్తే ధర రెట్టింపవుతుందని మధ్యవర్తి తొందరపెడుతున్నారు. దీవి గ్రామాల్లో నివసించినవారు, రొయ్యల చెరువులు చేసినవారు, తరచుగా వెళ్లివచ్చేవారు తమకు తెలిసినది చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రేవుగట్టు:
పడమటిగాలి గారూ, నేను ఆ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేశాను కనుక నివాసం గురించి చెబుతాను. పగలు పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) తిరుగుతున్నంతసేపు మనం ఒడ్డుకు దూరంగా ఉన్నామన్న సంగతే గుర్తుకు రాదు. మోటారు సైకిళ్లు, మేత బస్తాలు, పెళ్లి సామాను అన్నీ దాని మీదే దాటుతాయి. గాలి ఎక్కువైనప్పుడూ, చీకటి పడిన తర్వాతా పరిస్థితి వేరు. అందుకే కాన్పు దగ్గరపడిన ఆడవారిని ముందుగానే అవనిగడ్డలోనో నాగాయలంకలోనో ఉన్న బంధువుల ఇంటికి పంపించే కుటుంబాలను నేను చూశాను. మీ ఇద్దరిలో ఎవరికైనా గుండె జబ్బుగానీ క్రమం తప్పకుండా వైద్యం అవసరమయ్యే మరే ఇబ్బందిగానీ ఉంటే, పొలం ధర కంటే ముందు ఆలోచించవలసినది అదే.

ఇక తాగునీరు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక నేలల్లో వాన నీరు ఇంకి, తేలికగా ఉండటం వల్ల కింది ఉప్పునీటిపై ఒక పొరగా నిలుస్తుంది. లోతు తక్కువ బావిలో చేదతో తోడుకున్నంతకాలం ఆ పొర నిలుస్తుంది గానీ, లోతుగా బోరు వేసి మోటారుతో లాగితే అడుగునున్న ఉప్పునీరు పైకి వచ్చేస్తుంది. ఇల్లు కట్టదలచుకుంటే ఇనుము, సిమెంటు రేవు దగ్గర ఒకసారి దింపి, ఎక్కించి, అవతల మళ్లీ దింపవలసి ఉంటుంది కాబట్టి కూలీ ఖర్చు ఒడ్డున అయ్యే లెక్కకు అందదు. ఉప్పుగాలికి ఊచలు త్వరగా తుప్పుపట్టి, శ్లాబు పెచ్చులూడటం అక్కడ మామూలు సంగతి.

దస్తావేజు:
నేను రెవెన్యూ రికార్డులతో చాలాకాలం పనిచేసిన మనిషిని. ధర తక్కువ అన్న మాట వినగానే నాకు మొదట కలిగే అనుమానం, ఆ భూమి అసైన్డ్ భూమి అయి ఉంటుందని. ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం (1977లో 9వ చట్టం) ప్రకారం, భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన భూమిని కొనడం చెల్లదు. అధికారులు దానిని స్వాధీనం చేసుకోవచ్చు, కొన్నవారు చెల్లించిన సొమ్ముకు ఏ రక్షణా ఉండదు. 2023లో వచ్చిన సవరణ, అసైన్‌మెంటు జరిగి 20 సంవత్సరాలు నిండిన మూల లబ్ధిదారులకు అమ్ముకొనే హక్కును కల్పించింది. అయితే దాని కింద నిషేధిత జాబితా నుంచి తప్పించిన భూముల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 2024లో అటువంటి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపివేసి పరిశీలన చేపట్టారు. కాబట్టి "ఇప్పుడు అన్నీ అమ్ముకోవచ్చండీ" అనే మధ్యవర్తి మాట మీద బయానా ఇవ్వకండి.

మీరు చేయవలసిన పని ఏమిటంటే, ముందుగా సర్వే నంబరు అడిగి తీసుకుని ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటులో అడంగలు (సాగు వివరాల రికార్డు), 1-బి (హక్కుదారుల వివరాల రికార్డు) చూడండి. ఆ నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉన్నదో లేదో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించండి, ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్టర్డు లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. సర్వే నంబరు చెప్పడానికి వెనుకాడే మనిషితో ఇంకేమీ మాట్లాడనవసరం లేదు.

చెరువుకట్ట:
దస్తావేజు గారు చెప్పినదంతా నిజమే గానీ, దీవుల్లో కొనడం కంటే కౌలుకు తీసుకుని రొయ్యల చెరువు చేసేవారే ఎక్కువ. మా అనుభవంలో కౌలు మొత్తం ఖర్చులో చిన్న భాగం. రొయ్య పిల్ల, మేత, కరెంటు, డీజిలు కలిసి అసలు ఖర్చు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి జనరేటరు మొరాయిస్తే, ఒడ్డున అయితే మరొకటి తెప్పించుకోవచ్చు, దీవిలో మాత్రం పంటు కదిలేదాకా చూస్తూ కూర్చోవాలి. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు తగిలినప్పుడు ఉన్న సరుకును వెంటనే పట్టి అమ్మాలన్నా ఐసు, వాహనం, పంటు మూడూ ఒకే సమయానికి కుదరాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఏ తెగులూ లేని చెరువుల రైతులు కూడా దిగాలుపడ్డారు. పింఛను సొమ్ముతో చేయదగిన వ్యాపారం ఇది కాదని నా అభిప్రాయం.

దస్తావేజు:
ఒక సవరణ. 1977 చట్టంలో బదిలీ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కౌలు కూడా ఉన్నది. అంటే అసైన్డ్ భూమిని కౌలుకు తీసుకోవడం కూడా చట్టం దృష్టిలో చెల్లదు, ఊరంతా అదే చేస్తున్నా సరే. పైగా తీరప్రాంతంలో ఉప్పునీటి సాగుకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద నమోదు తప్పనిసరి. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల మేర కూడా సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నిబంధనలు గట్టిగా వర్తిస్తాయి. ఆ దీవుల చుట్టూ ఉన్నది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ హద్దులు కూడా చూడక తప్పదు.

పక్షులవేట_కెమెరాతో:
నివాసం సంగతి నాకు తెలియదు, ప్రయాణం వరకు చెబుతాను. పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి తడ మండలం భీములవారిపాలెం రేవు నుంచి పడవలో వెళ్లాలి. ఫ్లెమింగోల కోసమైతే శీతాకాలం మంచిది. వేసవిలో సరస్సు నీరు తగ్గిపోయి పడవ ప్రయాణం ఇబ్బందిగా ఉంటుంది. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కవద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ప్రమాదం తర్వాత కూడా జాకెట్టును దిండులా ఒళ్లో పెట్టుకుని కూర్చునే ప్రయాణికులను చూస్తుంటే ఆశ్చర్యం వేస్తుంది.

లంకవాసి:
మాది కోనసీమలో ఒక లంక. మాకు ఉప్పెన భయం తక్కువ, వరద భయం ఎక్కువ. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటి హెచ్చరికకే మేము పశువులను గట్టుకు తోలడం మొదలుపెడతాము. 2022 జూలైలో మూడవ హెచ్చరిక దాటినప్పుడు అరటి, కూరగాయల తోటలన్నీ రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. దానికంటే నన్ను బాధించేది కోత. పాసుపుస్తకంలో ఎకరాలు అలాగే ఉంటాయి, నేల మాత్రం గోదావరిలో కలిసిపోయి ఉంటుంది. అందువల్ల ఏ దీవిలో కొన్నా ఒడ్డు వెంబడి ఉన్న నేల తీసుకోవద్దు, ఊరి పెద్దవాళ్లను అడిగి ఏటి గట్టు ఇరవై ఏళ్ల క్రితం ఎక్కడ ఉండేదో కనుక్కోండి.

పడమటిగాలి:
అందరికీ కృతజ్ఞతలు. మధ్యవర్తిని అడిగి సర్వే నంబరు తెచ్చుకుని చూశాను. అడంగలులో అసైన్డ్ అనే ఉన్నది. నోటరీ అగ్రిమెంటు రాసుకుంటే చాలు, తర్వాత రిజిస్ట్రేషన్ చేయిస్తామంటున్నారు.

దస్తావేజు:
నోటరీ వల్ల లేని హక్కు రాదండీ. ఆ భూమిని వదిలేయండి.

రేవుగట్టు:
ఉండాలన్న కోరిక బలంగా ఉంటే కొనకుండానే తీర్చుకోవచ్చు. ఊళ్లో ఇల్లు అద్దెకు దొరుకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే తుఫానులు వచ్చే రోజుల్లో ఉండి చూడండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఈ దీవి ఉన్న దివిసీమలో వేలమంది ప్రాణాలు పోయాయి, ఆ తరం పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. ఇల్లు చూసుకునేటప్పుడు తుఫాను షెల్టరుకు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో చూసుకోండి, దారిలో కాలువ అడ్డు లేకుండా ఉండాలి. వస్తున్నట్లు ముందుగా ఇక్కడ తెలియజేస్తే, ఇల్లు ఇప్పించగల వారిని మాట్లాడి పెడతాను.