1970 బోనవిల్ టీ120: ఏళ్లు నిలిపేసిన బండి, మొదటి కిక్‌కి ముందు ఏం చూడాలి?

లెస్టర్_కుర్రాడు
నమస్తే అందరికీ. 1970 ట్రయంఫ్ బోనవిల్ టీ120, 650 సీసీ. పదేళ్లకు పైగా గ్యారేజీలో నిలబడే ఉంది. కిక్ తిరుగుతోంది, కంప్రెషన్ కాలికి తగులుతోంది. ఆయిల్ ట్యాంక్ మూత తీస్తే దాదాపు ఖాళీ, కింద నేల మీద మాత్రం చిన్న మరకే. ట్యాంక్ నింపి స్టార్ట్ చేసేయొచ్చా? హైదరాబాద్‌లో పాత బుల్లెట్ పని చేసుకునేవాణ్ణి కాబట్టి స్పానర్ పట్టడం వచ్చు. ట్రయంఫ్ మాత్రం కొత్త.

డ్రైసంప్
ఇప్పుడే నింపొద్దు. ఆ ఆయిల్ ఎక్కడికీ పోలేదు, ఇంజిన్ అడుగునే ఉంది. ట్యాంక్ ఎత్తులో, పంపు కింద. పంపులోని బాల్ వాల్వ్ సీటు మీద సరిగ్గా కూర్చోకపోతే నెలల తరబడి మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. దాని మీద ఇంకో ట్యాంక్ పోసి కిక్ కొడితే మిగులు ఆయిలంతా బ్రీదర్ గొట్టంలోంచి వెనక టైరు మీదికి కక్కుతుంది.

ముందు క్రాంక్‌కేసు అడుగున ఉన్న పెద్ద ప్లగ్ విప్పండి. దాంతోపాటే ఫిల్టర్ జాలీ వస్తుంది. ఆయిల్ పట్టుకుని కొలవండి, జాలీలో ఏముందో వేలితో రాసి చూడండి. ట్యాంక్‌లో మిగిలిందీ తీసేసి, ట్యాంక్ అడుగు జాలీ కూడా కడగండి. తర్వాత 20డబ్ల్యూ-50 పోయండి, మూతికి రెండు వేళ్లు కింది దాకా చాలు. రెండు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి, ఇగ్నిషన్ ఆపేసి మెల్లగా కిక్ తిప్పుతూ ఉండండి. రాకర్ మూతలు విప్పి అక్కడా కాస్త పోయండి.

స్టార్ట్ అయ్యాక మొట్టమొదట ట్యాంక్ మూత తీసి రిటర్న్ గొట్టం చూడండి. ఆయిల్ ధారగా కాకుండా గాలి బుడగలతో ఉమ్మినట్టు వస్తుంది. అది మంచి లక్షణమే, ఎందుకంటే తిరిగి లాగే పంపు పంపే పంపుకంటే పెద్దది. నిమిషంలోపు ఏమీ రాకపోతే ఇంజిన్ ఆపేయండి.

చైన్‌కేస్
క్లచ్ ప్లేట్లు కచ్చితంగా అతుక్కుని ఉంటాయి. లివర్ పట్టుకుని కిక్ నాలుగైదు సార్లు తొక్కితే విడిపోతాయి. లేకపోతే గేరు వేయగానే బండి ఎగురుతుంది. ప్రైమరీలో (ఇంజిన్ నుంచి క్లచ్‌కి పోయే చైను ఉండే పెట్టె) పాత ఆయిల్ తీసి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే పలుచని ఆయిల్) పోయండి, క్లచ్ మెత్తగా పనిచేస్తుంది.

డ్రైసంప్
ఏటీఎఫ్ సలహా 1969 దాకా సరే, ఈ బండికి కాదు. 1970లో డ్రైవ్ వైపు (ప్రైమరీ ఉన్న వైపు) క్రాంక్ ఆయిల్ సీల్ తీసేసి, ప్రైమరీ వెనక గోడకు మూడు చిన్న రంధ్రాలు పెట్టారు. ఇంజిన్ ఊపిరి ప్రైమరీ గుండా పోతుంది, అక్కడి ఆయిల్ మట్టాన్ని ఆ రంధ్రాలే నిలుపుతాయి. అంటే రెండింటిదీ ఒకటే ఆయిల్. ఏటీఎఫ్ పోస్తే అది బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కి పట్టే కొన) బేరింగుల దాకా వెళ్తుంది. ప్రైమరీని కూడా డ్రెయిన్ చేసి, ఇంజిన్‌లో పోసే ఆయిలే పోయండి.

లెస్టర్_కుర్రాడు
థాంక్స్ అన్నా. డ్రెయిన్ చేశాను. క్రాంక్‌కేసులోంచి లీటరున్నర, ప్రైమరీలోంచి ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వచ్చింది. జాలీలో లోహపు తునకలు లేవు కానీ నల్లటి జిగురు పేస్టు ఉంది. అయినా ప్రెజర్ గేజ్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది కదా?

మెరిడెన్_మెకానిక్
తెలియదు, అదే చిక్కు. ఈ ఇంజిన్‌కి జాలీ తప్ప అసలు ఫిల్టర్ లేదు. క్రాంక్ మధ్యలో ఒక గొట్టం ఉంటుంది, స్లడ్జ్ ట్రాప్ అంటాం. క్రాంక్ తిరిగే వేగానికి మురికి దాని గోడకు పేరుకుంటుంది. అది నిండితే బిగ్ ఎండ్‌కి పోయే దారి మూసుకుపోయి, బేరింగ్ షెల్ పట్టేసి, చివరికి కనెక్టింగ్ రాడ్ కేసును పగలగొట్టుకుని బయటకొస్తుంది. గేజ్ కొలిచేది ట్రాప్‌కి ముందున్న ఒత్తిడిని. వేడి మీద 65-80 పీఎస్ఐ చూపించినా ట్రాప్ బాగుందని కాదు, దారి మూసుకుంటే ముల్లు ఇంకా పైకే చూపిస్తుంది.

పాత చరిత్ర తెలియని ఇంజిన్, పైగా నల్ల పేస్టు. నేనైతే రోడ్డెక్కించే ముందు ఇంజిన్ విప్పిస్తాను. క్రాంక్ చేతికొచ్చాక ముందు ట్రాప్ గొట్టాన్ని పట్టుకుని ఉన్న ఫ్లైవీల్ బోల్టు తీయాలి. ఇది మరిచి గొట్టం లాగితే నలిగిపోతుంది. ప్లగ్‌ను పంచ్‌తో కొట్టి బిగించి ఉంటారు, ఆ గుర్తును డ్రిల్‌తో తీసేసి, వేడి చేసి, ఇంపాక్ట్ డ్రైవర్‌తో తిప్పాలి. గొట్టం మొండికేస్తే లోపల మరలు కోసి బోల్టుతో లాగండి. కిరోసిన్, కంప్రెసర్ గాలితో దారులన్నీ కడిగాక, గొట్టం రంధ్రం ఫ్లైవీల్ బోల్టుకు ఎదురుగా ఉండేలా కూర్చోబెట్టి, ప్లగ్‌కి లాక్‌టైట్ పెట్టి మళ్లీ పంచ్ కొట్టండి.

మిల్లీమీటర్ స్పానర్లు పక్కన పెట్టేయండి. 1970 బండిలో యూఎన్ఎఫ్, విట్‌వర్త్ అనే రెండు రకాల అంగుళాల మరలూ కలిసి ఉంటాయి. సరిపడని స్పానర్‌తో నట్ తల గుండ్రమైపోతే ఆ రోజు పని అక్కడితో ఆఖరు.

లూకాస్_లైట్
కరెంటు, కార్బ్యురేటర్ సంగతి.

పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ ప్లస్ వైరు ఫ్రేముకి వెళ్తుంది. బుల్లెట్ అలవాటులో తిప్పి పెడితే రెక్టిఫైయర్, హెడ్‌లైట్ కింద రెక్కల దిమ్మెలో ఉన్న జీనర్ డయోడ్ (ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో పెట్టేది) పోతాయి. పాయింట్ల గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు. టైమింగ్ పూర్తి అడ్వాన్స్‌లో 38 డిగ్రీలు, ప్రైమరీ కేసు మీది చిన్న మూత విప్పి స్ట్రోబ్ (టైమింగ్ చూసే మెరుపు లైటు)తో చూడండి. ట్యాపెట్ల (వాల్వుల) గ్యాప్ చల్లటి ఇంజిన్ మీద ఇన్‌లెట్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మిల్లీమీటర్లు. ఒక ఇన్‌లెట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు రెండో ఇన్‌లెట్ సెట్ చేయాలి, ఎగ్జాస్ట్‌లూ అంతే.

ఈ బండి కార్బ్యురేటర్ అమల్ 930లో అసలు తలనొప్పి పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రం). బాడీలోపలే బిగించేశారు, విప్పడం కుదరదు. ఏళ్ల నాటి పెట్రోల్ గట్టిపడి మూసుకుంటే స్ప్రే ఒక్కటే చాలదు. పైలట్ స్క్రూ తీసి, ఆ రంధ్రంలోంచి 0.016 అంగుళాల గిటార్ తీగ మెల్లగా దూర్చి తిప్పండి. తర్వాత స్ప్రే కొడితే స్లయిడ్ కింద రెండు సన్న చుక్కల రంధ్రాల్లోంచి రావాలి. స్క్రూ ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. ఫ్లాంజ్ నట్లు బలంగా బిగిస్తే బాడీ వంగి స్లయిడ్ ఇరుక్కుంటుంది. హెడ్ దగ్గర గాలి లీకయ్యే చాలా కేసుల్లో అసలు కారణం ఇదే.

పెట్రోల్ సూపర్ గ్రేడ్ ఈ5 (ఇథనాల్ 5 శాతం మించనిది) వేయండి. ట్యాంక్ లోపల పాత పూత ఉంటే ఇథనాల్‌కి కరిగి నేరుగా జెట్లలోకి వస్తుంది.

చైన్‌కేస్
1970 గురించి డ్రైసంప్ గారు చెప్పింది నిజమే, ఏటీఎఫ్ వద్దు.

ఇంకోటి. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. పాత బుల్లెట్‌కీ అంతే కాబట్టి అలవాటైపోతుంది అనుకుంటారు. కానీ బుల్లెట్‌లో ఫస్ట్ పైకి, మిగతావి కిందికి. ట్రయంఫ్‌లో ఫస్ట్ కిందికి, మిగతావి పైకి. థర్డ్‌లో పోతూ టాప్ వేద్దామని అలవాటుగా కిందికి తొక్కితే సెకండ్ పడి వెనక చక్రం ఈడుస్తుంది. మొదట్లో ఖాళీ రోడ్డు మీదే నడపండి.