ఏ బ్రాండుకి సర్వీసు, పార్టులు సరిగా దొరుకుతాయి? బండి ఏడు వారాలుగా డీలర్ దగ్గరే ఉంది

ఆగిన చక్రం:
సాయంత్రం నుంచి నాలుగు గంటలుగా ఒక్కో బ్రాండు గురించి చదువుతూ కూర్చున్నాను. ఒకాయన ఫలానా బ్రాండు సర్వీసు బంగారం అంటాడు, ఆ కిందే ఇంకొకాయన అదే బ్రాండు జోలికి చచ్చినా పోవద్దంటాడు. తల తిరిగిపోతోంది. నా బండి ఏడు వారాలుగా డీలర్ దగ్గర స్టాండు మీదే ఉంది. ఎప్పుడు అడిగినా "పార్టు రావాలి సార్" అన్న మాటే. ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పరు. సర్వీసు వాళ్లు పార్ట్స్ కౌంటర్‌ని అడగమంటారు, కౌంటర్ వాళ్లు సర్వీసు అడ్వైజర్‌ని అడగమంటారు. విసుగెత్తిపోయింది. దీన్ని అమ్మేసి వేరే బ్రాండుకి మారిపోదామనుకుంటున్నాను. నాకు కావలసింది ఒక్కటే: సర్వీసు, పార్టుల విషయంలో ఎవరిని నమ్మొచ్చు? హోండా, యమహా, సుజుకి, కవాసాకి, కేటీఎం, ట్రయంఫ్, బీఎండబ్ల్యూ, ఏదైనా సరే. వాడినవాళ్లు చెప్పండి. నా బ్రాండు పేరు మాత్రం అడగొద్దు, చెబితే చర్చంతా దాని మీదికే పోతుంది.

10 నంబర్ పానా:
మోడల్? ఇయర్? ఏ పార్టు?

ఆగిన చక్రం:
అవెందుకండీ? నేను రిపేరు గురించి అడగట్లేదు. బ్రాండుల మధ్య తేడా అడుగుతున్నాను.

10 నంబర్ పానా:
పార్టు తెలియకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ట్విన్ సిలిండర్:
పార్టు సంగతి అలా ఉంచండి. సర్వీసు బాగుందా లేదా అని అందరూ డీలర్‌నే చూస్తారు, ఇంజిన్‌ని ఎవరూ చూడరు. బండికి డీలర్ అవసరం ఎన్నిసార్లు పడుతుందన్నది టాపెట్ల దగ్గరే, అంటే ఇంజిన్ వాల్వుల గ్యాప్ సెట్ చేసే చోటే తేలిపోతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్‌లో స్క్రూ, లాక్‌నట్ ఉంటాయి. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్, ఓపిక ఉన్నవాడు ఇంట్లోనే సెట్ చేసుకుంటాడు. వాల్వు మీది బకెట్ కింద షిమ్ (గ్యాప్ సరిచేసే పలుచని బిళ్ల) ఉండే ఇంజిన్లలో గ్యాప్ తప్పితే క్యామ్‌షాఫ్ట్ ఊడదీయాల్సిందే, సరైన మందం షిమ్ చేతిలో ఉండాల్సిందే. అలాంటిచోట డీలర్ దగ్గర షిమ్‌ల పెట్టె లేకపోతే బండి వారం రోజులు విప్పి పడి ఉంటుంది. డుకాటీ డెస్మో ఇంజిన్లలో (వాల్వుని స్ప్రింగుతో కాక క్యామ్‌తోనే మూసేవి) తెరిచే షిమ్ వేరు, మూసే షిమ్ వేరు, పని రెట్టింపు. అదే కంపెనీ 2020లో తెచ్చిన వీ4 గ్రాన్‌టురిస్మోలో మామూలు స్ప్రింగులు పెట్టి టాపెట్ చెక్‌ని 60,000 కిలోమీటర్లకి తీసుకెళ్లింది. హార్లే బిగ్ ట్విన్‌లలో ఆయిల్ ఒత్తిడితో గ్యాప్‌ని తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు, టాపెట్ సెట్టింగ్ అన్నదే లేదు. ఒకే కంపెనీలో రెండు ఇంజిన్లకే ఇంత తేడా ఉన్నప్పుడు బ్రాండు పేరు చూసి సర్వీసుని లెక్కేయడం తప్పు. మాన్యువల్లోని మెయింటెనెన్స్ షెడ్యూల్ పేజీ చదివి బండి ఎంచుకోండి.

ఆగిన చక్రం:
మంచి విషయమే చెప్పారు. కానీ నా బండి ఆగింది టాపెట్ల వల్ల కాదు. పార్టు రాక ఆగింది.

పక్కా జెన్యూన్:
ఏడు వారాలైనా పర్లేదు, జెన్యూన్ పార్టు కోసం ఆగండి సోదరా. తొందరపడి బయట లోకల్ పార్టు వేయించొద్దు. నా బండికి ఓఈఎం తప్ప ఇంకొకటి వేయను.

పాత పిస్టన్:
జెన్యూన్ వేరు, ఓఈఎం వేరు. రెండూ కలిపేయకండి. కంపెనీ పెట్టెలో, కంపెనీ పార్టు నంబరుతో వచ్చేది జెన్యూన్. ఆ పార్టుని కంపెనీకి తయారు చేసి ఇచ్చేవాళ్లు ఓఈఎం. నిస్సిన్ బ్రేకులు, షోవా ఫోర్కులు, కెయిహిన్ ఇంజెక్షన్ ఎన్నేళ్లుగా ఎన్ని బళ్ల మీద వచ్చాయో మీకు తెలియనిది కాదు. ఆ మూడూ 2021 జనవరిలో హిటాచీ ఆస్టెమోగా కలిసిపోయాయి కూడా. చైన్ డీఐడీ వాళ్లది, ప్లగ్ ఎన్‌జీకే వాళ్లది. వాళ్ల సొంత పెట్టెలో కొన్నా అదే సరుకు.

పక్కా జెన్యూన్:
అదే సరుకని మీరెలా చెప్పగలరు? కంపెనీ అడిగిన కాంపౌండు వేరు, బయట షాపుకి పంపే కాంపౌండు వేరు ఉండొచ్చు. బ్రేక్ ప్యాడ్లలో ఆ తేడా నేను చేత్తో పట్టుకుని చూశాను.

పాత పిస్టన్:
ప్యాడ్ల విషయంలో ఒప్పుకుంటా. ప్లగ్, చైన్, బేరింగు విషయంలో ఒప్పుకోను. 6203 బేరింగు ఎక్కడ కొన్నా 17 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 40 బయటి వ్యాసం, 12 మందం. నంబరే కొలత. పక్కన 2ఆర్ఎస్ ఉంటే రెండువైపులా రబ్బరు సీలు, సీ3 ఉంటే లోపల వదులు కాస్త ఎక్కువ. మంచి బేరింగు కంపెనీది, నకిలీ కానిది, ఆ గుర్తులన్నీ కలిసినది తెచ్చుకుంటే చాలు, దాని మీద బండి కంపెనీ ముద్ర అక్కర్లేదు.

కౌంటర్ అవతలి మనిషి:
నేను పార్ట్స్ కౌంటర్లో తొమ్మిదేళ్లు పనిచేశాను, ఒకటి కాదు, మూడు బ్రాండులకి. అడిగినవారు కాస్త ఓపికగా చదవాలి.

"పార్టు రావాలి" అన్న మాట వెనక నాలుగు సంగతుల్లో ఏదైనా ఉండొచ్చు. ఒకటి, అసలు ఆర్డరే పెట్టలేదు. ఇది మీరు ఊహించేదానికంటే ఎక్కువగా జరుగుతుంది. జాబ్ కార్డులో రాస్తారు, కౌంటర్‌కి చేరదు. రెండు, పెట్టారు కానీ మామూలు స్టాక్ ఆర్డర్లో కలిపి పెట్టారు. బండి నడవక ఆగిపోయి ఉంటే వీఓఆర్ అని వేరే అత్యవసర ఆర్డర్ ఉంటుంది, అది ముందు కదులుతుంది, అది పెట్టమని మీరే అడగాలి. మూడు, నిజంగానే కంపెనీ గిడ్డంగిలో లేదు, బ్యాక్ ఆర్డర్. నాలుగు, పాత నంబరు మీద ఆర్డర్ పెట్టారు, ఆ నంబరు ఆగిపోయి దాని స్థానంలో కొత్త నంబరు వచ్చింది, ఎవరూ చూసుకోలేదు. దీన్ని సూపర్‌సీడ్ కావడం అంటాం. సిస్టమ్ చాలావరకు తానే కొత్త నంబరు చూపిస్తుంది కానీ ప్రతిసారీ చూపించదు.

అందుకని రేపు వెళ్లి మూడే అడగండి: పూర్తి పార్టు నంబరు, ఆర్డర్ నంబరు, ఆర్డర్ పెట్టిన తేదీ. ఈ మూడూ రాసివ్వగలిగితే అది మంచి డీలర్, పార్టు ఆలస్యమైనా సరే. ఇవ్వలేకపోతే బ్రాండు మారినా మీకు మళ్లీ ఇదే అవస్థ.

పార్టు నంబరు చేతికొస్తే సగం పని అయినట్టే. హోండా నంబర్లు ఎక్కువగా 5-3-3గా, అంటే ఐదు, మూడు, మూడు అక్షరాల ముక్కలుగా ఉంటాయి. మధ్యలోని మూడు అక్షరాలు ఆ పార్టు మొదట ఏ మోడల్ కోసం పుట్టిందో చెబుతాయి. అది మీ మోడల్ కోడ్ కాకపోతే సంతోషించండి, ఆ పార్టు ఇంకో బండిలోనూ ఉందన్నమాట. యమహాలో మొదటి మూడు అక్షరాలు ఆ పని చేస్తాయి. కవాసాకిలో మొదటి ఐదు అంకెలు పార్టు రకాన్ని చెబుతాయి, మోడల్ని చెప్పవు. బీఎండబ్ల్యూది పదకొండు అంకెల నంబరు, మొదటి రెండూ గ్రూపు: 11 అంటే ఇంజిన్, 34 అంటే బ్రేకులు. నంబరుతో వెతికితే వేరే డీలర్ దగ్గర మూలన పడి ఉన్న ముక్క కూడా దొరుకుతుంది. మోడల్ పేరుతో వెతికితే దొరకదు.

10 నంబర్ పానా:
ఇంకా పార్టు పేరు చెప్పలేదు.

ఆగిన చక్రం:
సరే, చెబుతున్నాను. వాటర్ పంపు. కింద నుంచి బొట్లు బొట్లుగా కారుతోందని చూపించాను. పంపు పూర్తి అసెంబ్లీ మార్చాలి, సీల్ విడిగా ఇవ్వరు అన్నారు. ఆ అసెంబ్లీ కోసమే ఏడు వారాలు. బండి రిజిస్ట్రేషన్ 2015. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఇవన్నీ అవసరమని అనుకోలేదు.

కౌంటర్ అవతలి మనిషి:
ఇవే మొదట చెప్పాల్సింది అండీ. రిజిస్ట్రేషన్ 2015 అంటే మోడల్ ఇయర్ కూడా 2015 అనుకోకండి. షోరూంలో ఏడాది నిలిచిపోయిన బండి కావచ్చు. చాసిస్ నంబర్లోని 17 అక్షరాల్లో పదోది చూడండి. చాలా కంపెనీలు మోడల్ ఇయర్ అక్కడే పెడతాయి: 2010కి ఏ, అక్కడి నుంచి వరుసగా లెక్కేస్తే 2014కి ఈ, 2015కి ఎఫ్. అమెరికా, కెనడా బళ్లకి అది నిబంధన, మిగతాచోట్ల కంపెనీ ఇష్టం. ఇయర్ మారిన చోట పంపు డిజైన్ మారి ఉంటే, మీవాళ్లు తప్పు కేటలాగు తెరిచి కూర్చుని ఉండొచ్చు. ఆ పదో అక్షరం ఒక్కటే ఇక్కడ చెప్పండి. నంబరంతా పెట్టొద్దు, అది మీ బండి గుర్తింపు.

పాత పిస్టన్:
తమ్ముడూ, దానికంటే ముందు ఒక మాట చెప్పు. కారుతున్నది ఏమిటి? కూలెంటా, ఆయిలా?

ఆగిన చక్రం:
పంపు దగ్గర కారితే కూలెంటే కదా?

పాత పిస్టన్:
కాదు, అక్కడే చాలామంది పొరపడతారు. ఇలాంటి పంపుల్లో ఒకే షాఫ్ట్ మీద రెండు సీళ్లు ఉంటాయి. నీళ్లవైపు మెకానికల్ సీల్, ఇంజిన్‌వైపు ఆయిల్ సీల్. రెండింటి మధ్య ఖాళీ నుంచి కిందికి ఒక చిన్న రంధ్రం, వీప్ హోల్ అంటారు. ఏ సీలు పోయినా ఒక ద్రవం ఇంకోదాంట్లో కలవకుండా బయటికి కారిపోవడానికే ఆ రంధ్రం పెట్టారు. దాన్ని ఎప్పుడూ ఎంసీల్ పెట్టి మూయకూడదు. అందులోంచి కూలెంట్ వస్తే మెకానికల్ సీల్ పోయింది. ఆయిల్ వస్తే ఆయిల్ సీల్ పోయింది. తెల్లగా మజ్జిగలా వస్తే రెండింటినీ అనుమానించాలి. వేలితో ముట్టుకుని చెప్పు. రిజర్వాయర్లో కూలెంట్ మట్టం తగ్గిందా?

ఆగిన చక్రం:
మట్టం తగ్గలేదు, అప్పట్లో రోజూ చూసేవాణ్ణి. కారింది గోధుమరంగులో, జిడ్డుగా ఉండేది. చైన్ లూబ్ అంటుకుందేమో అనుకున్నాను.

పాత పిస్టన్:
అయితే నీకు పంపు అసెంబ్లీ అవసరం ఉండకపోవచ్చు. ఆయిల్ సీల్ ఒక్కటి చాలు. పాత సీలు తీస్తే దాని ముఖం మీదే మూడు అంకెలు అచ్చు వేసి ఉంటాయి: షాఫ్ట్ వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ కొలతలతో ఆయిల్ సీళ్లమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. రబ్బరు రకం మాత్రం చూసుకో, వేడికి వైటాన్ అనే రబ్బరు మేలు. స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్‌వైపుకి రావాలి. ఇంకొకటి, షాఫ్ట్ మీద గోరుతో గీసి చూడమను. సీలు ఆనుకునే చోట గోరు తగులుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా నెలలో కారుతుంది, అప్పుడు డీలర్ చెప్పిన అసెంబ్లీయే దిక్కు.

పక్కా జెన్యూన్:
కంపెనీ విడిగా అమ్మని సీలుని బయట కొని వేయించడం రిస్కు. విడిగా ఇవ్వకపోవడానికి ఏదో కారణం ఉంటుంది.

కౌంటర్ అవతలి మనిషి:
కారణం ఉంది. మెకానికల్ సీల్‌ని సరైన డ్రైవర్‌తో (సీలు కూర్చోబెట్టే పనిముట్టుతో) అంచు మీద మాత్రమే ఒత్తి కూర్చోబెట్టాలి. దాని నున్నటి ముఖాన్ని చేత్తో తాకినా పాడవుతుంది. వర్క్‌షాపుల్లో తప్పుగా వేసి తిరిగొచ్చే బళ్లు చూశాను. అందుకే కొన్ని కంపెనీలు పంపు మొత్తం ఇస్తాయి, కొన్ని సీళ్లు విడిగా ఇస్తాయి. బ్రాండుల మధ్య నిజమైన తేడా ఇలాంటిచోట కనిపిస్తుంది. కొనేముందు పార్టుల బొమ్మల కేటలాగు తెరిచి వాటర్ పంపు, స్టార్టర్ మోటార్, బ్రేక్ క్యాలిపర్ చూడండి. లోపలి ముక్కలకి విడివిడి నంబర్లుంటే ఆ బండి పదేళ్ల తర్వాత కూడా బాగు చేయించుకునే బండి. ఆయిల్ సీల్ వరకు మాత్రం పాత పిస్టన్ గారితో ఏకీభవిస్తాను.

ట్విన్ సిలిండర్:
ఇంత మాట్లాడుతున్నారు, కూలెంట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సిలికేట్ ఉన్న కూలెంట్ పంపు సీలుని త్వరగా అరగదీస్తుందని హోండా తన మాన్యువళ్లలోనే హెచ్చరిస్తుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి సిలికేట్ లేనిది పోయించండి. నీళ్లు కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే.

10 నంబర్ పానా:
పోయింది ఆయిల్ సీల్. కూలెంట్‌కి సంబంధం లేదు.

ట్విన్ సిలిండర్:
విప్పినప్పుడు కూలెంట్ తీయాల్సిందే కదా? మళ్లీ పోసేది మంచిది పోయమంటున్నాను. అందులో తప్పేముంది?

పాత పిస్టన్:
తప్పేం లేదు. ఇద్దరూ ఆగండి. తమ్ముడూ, బండి విప్పినప్పుడు దగ్గరుండి చూడు. పాత సీలు నీ చేతికి ఇవ్వమను.

కొత్త సవారీ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. యూరో 5 (పొగ కాలుష్య ప్రమాణం) బళ్లలో సర్వీసు లైటు రీసెట్ చేయాలంటే డీలర్ దగ్గరికే వెళ్లాలా? బయటి మెకానిక్ చేయగలడా? నేనూ బ్రాండు ఎంచుకునే పనిలోనే ఉన్నాను.

కౌంటర్ అవతలి మనిషి:
బండిని బట్టి. కొన్నింటికి మీటరు బటన్లతోనే అవుతుంది, మాన్యువల్లో ఉంటుంది. కొన్నింటికి కంపెనీ టూల్ కావాలి. ఇప్పుడు డయాగ్నస్టిక్ కనెక్టర్‌కి ఐఎస్ఓ 19689 అని ప్రమాణం ఉంది కానీ, ప్లగ్గు కలిసినంత మాత్రాన లోపలి భాషంతా బయటి టూల్‌కి తెలియదు. మీరు కొనాలనుకునే మోడల్‌కి బయట ఏ టూల్ పనిచేస్తుందో ముందే కనుక్కోండి. దీనికి వేరే చర్చ పెట్టండి, వివరంగా రాస్తాను.

ఆగిన చక్రం:
అప్‌డేట్. డీలర్ని పార్టు నంబరు, ఆర్డర్ నంబరు అడిగాను. పార్టు నంబరు ఇచ్చారు, ఆర్డర్ నంబరు ఇవ్వలేకపోయారు. బండి అక్కడి నుంచి తెచ్చేసుకుని తెలిసిన మెకానిక్‌తో విప్పించాను. ఆయిల్ సీలే. షాఫ్ట్ నున్నగానే ఉంది. వేసి నాలుగు రోజులైంది, కారట్లేదు. థ్యాంక్స్ అందరికీ.

కౌంటర్ అవతలి మనిషి:
సంతోషం. ఆ పదో అక్షరం ఏమిటో చూశారా? తర్వాత ఇంకో పార్టుకి పనికొస్తుంది. ఏ బ్రాండుకి మారుతున్నారో కూడా చెప్పండి.

10 నంబర్ పానా:
సీల్ సైజు రాయండి. ఇదే బండి ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది. మోడల్ కూడా.

కొత్త సవారీ:
అవునండీ, మోడల్ చెబితే బాగుండేది. ఉన్నారా?